పాత ఆల్టోకి పగిలిన బ్యాక్ లైట్ మనమే మార్చుకోవటం

మాది 2007 ఆల్టో. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగొస్తుంటే టోల్ గేటు దగ్గర లైన్లో వెనకనించి ఒక ట్రాలీ ఆటో నిమ్మళంగా వచ్చి ముద్దెట్టుకుంది. బంపర్ మీద గీత కూడా పడలేదు, కుడి పక్క బ్యాక్ లైట్ మాత్రం అప్పడం విరిగినట్టు ముక్కలైంది. ఆటో అతన్ని తిట్టటానికి కూడా మనసొప్పలేదు, అన్నేళ్ళు ఎండలో మాడిన ప్లాస్టిక్ అది, చేత్తో గట్టిగా నొక్కినా పగిలేదేమో.

షెడ్డుకి తీసుకెళ్తే మేస్త్రి వంగి కూడా చూడకుండా "సెట్టు మార్చేద్దాం సార్, బండి వదిలి సాయంత్రం రండి" అన్నాడు. రెండు స్క్రూల పనికి బండి పొద్దుట్నించి సాయంత్రం దాకా అక్కడెందుకు అనిపించి నేనే లైటు తెచ్చి వేసుకున్నా. అయితే ముందే ఒక మాట, లైటు విప్పి బిగించటం ఎవరైనా చేస్తారు, పదిహేను నిమిషాల పని. టైం పెట్టాల్సింది లోపల హోల్డర్లలో పట్టిన చిలుము దగ్గర, ఎర్త్ వైరు దగ్గర, లైటు వెనకాల ఉండే స్పాంజి దగ్గర. 2022లో బండికి పదిహేనేళ్ళు నిండి ఆర్‌సీ రెన్యువల్‌కి తిప్పుతున్నప్పుడు ఎడమ పక్క లైటు కంగారుగా మార్చా, అప్పుడు ఈ మూడూ వదిలేశా, దానికి ఎంత చాకిరీ చేశానో కింద చెప్తా.

ముందు, కొత్త లైటు చేతికొచ్చేలోపు బండి తియ్యాల్సి వస్తే ఏం చెయ్యాలంటే, పగిలిన చోటునించి తెల్ల వెలుగు వెనక్కి కొట్టకుండా చూడండి. ఎర్ర అద్దం పోయాక బల్బు తెల్లగా కనపడుతుంది, చీకట్లో వెనకొచ్చేవాడికి మీరు రివర్స్ వస్తున్నట్టో, ఎదురొస్తున్నట్టో ఉంటుంది. ఆటో యాక్సెసరీస్ షాపుల్లో వెలుతురు దాటే ఎర్ర టేపు అమ్ముతారు, అది రెండు పొరలు అంటించి పైన మామూలు ట్రాన్స్‌పరెంట్ టేపు ఒక చుట్టు వేస్తే రెండు మూడు రోజులు గడుస్తుంది. ఎం సీల్ పెట్టి ముక్కలు అతికించే పని మాత్రం పెట్టుకోకండి, బాడీకి అంటుకుపోతే పెయింట్‌తో సహా ఊడొస్తుంది.

రూల్ సంగతి కూడా ఒకసారి చెప్పేస్తా. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ 1989లో 105వ రూల్ ప్రకారం పొద్దు గూకిన అరగంట తర్వాతనించి తెల్లారటానికి అరగంట ముందు దాకా వెనక ఎర్ర లైట్లు 155 మీటర్ల దూరానికి కనపడాలి, నంబర్ ప్లేటు మీద లైటు కూడా పడాలి. లేకపోతే 177 సెక్షన్ కింద మొదటిసారి 500, మళ్ళీ దొరికితే 1500 ఫైను. ఫైను సంగతి అలా ఉంచండి, కోతల టైంలో రాత్రిపూట వెనక లైటు లేని వడ్ల ట్రాలీ ఒక్కసారిగా ముందు ప్రత్యక్షమైతే గుండె ఎలా జారుతుందో మనలో చాలామందికి తెలుసు కదా. మన బండి ఇంకొకడికి అలా కనపడకూడదు, అంతే.

ఇన్సూరెన్స్ క్లెయిం చేద్దామా అని మా బావమరిది అడిగాడు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే ఆ మాటే లేదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా ప్లాస్టిక్ పార్టులకి తరుగుదల కింద సగం కోస్తారు, 1500 సీసీ లోపు కార్లకి ఎలాగూ మొదటి 1000 రూపాయలు మనమే పెట్టుకోవాలి, ఇంక చేతికొచ్చేది ఏముంటుంది, పైగా నో క్లెయిం బోనస్ పోతుంది. వద్దు.

ఇక కొనటం. షాపులో "ఆల్టో బ్యాక్ లైట్" అంటే సరిపోదు. 2000లో మొదలైన పాత ఆల్టో వేరు, 2010లో వచ్చిన కె10 వేరు, 2012లో వచ్చిన ఆల్టో 800 వేరు, లైట్లు ఒకదానిది ఇంకోదానికి పట్టవు. బండి ఏ సంవత్సరందో, ఏ పక్కదో చెప్పాలి, వెనక నిలబడి చూస్తే కుడో ఎడమో అని గందరగోళపడకుండా "డ్రైవర్ సైడ్" అనండి, తేలిపోతుంది. అన్నిటికన్నా మంచిది పగిలిన లైటు విప్పి సంచిలో వేసుకుని టూవీలర్ మీద వెళ్ళటం. పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు, స్క్రూ బొక్కలు, వెనక పిన్నులు, హోల్డర్ల సైజు అన్నీ. నేను విజయవాడ ఆటోనగర్ వెళ్ళా, హైదరాబాద్ వాళ్ళకయితే సికింద్రాబాద్ రాణీగంజ్ ఉండనే ఉంది.

మీ ముందు మూడు రకాలు పెడతారు, కంపెనీ పీసు, లోకల్ మాలు, స్క్రాప్‌లో తీసిన పాతది. కంపెనీ పీసు కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు, కాకపోతే ఇంత పాత మోడల్‌కి వెంటనే దొరకదు, ఆర్డర్ పెట్టి ఆగాలి. లోకల్ మాలు అన్నీ చెత్తేమీ కాదు కానీ కొన్నిట్లో అద్దం వెనక గిన్నె అతికిన చోట జిగురు సరిగ్గా ఉండదు, అంచు చుట్టూ వేలితో తడిమి చూడండి, ఖాళీ తగిలిందంటే మొదటి వానకే లోపల నీళ్ళు. వెనకాల నల్ల స్పాంజి ఉందా లేదా, పిన్నులు నిటారుగా ఉన్నాయా, లోపల వెండి పూత మెరుస్తోందా, అద్దంలో రిఫ్లెక్టర్ గళ్ళు ఉన్నాయా చూడండి. ఈ ఆఖరుది చాలామంది పట్టించుకోరు, బండి లైట్లు ఆపి రోడ్డు పక్కన పెట్టినప్పుడు వెనకొచ్చే బండి లైటు పడి మెరిసేది ఆ గళ్ళే.

నా ఓటు మాత్రం స్క్రాప్ పీసుకి. ఒరిజినల్ కాబట్టి బాడీలో కరెక్టుగా కూర్చుంటుంది, రంగు కూడా మన రెండో పక్క వెలిసిపోయిన లైటుతో కలుస్తుంది, కొత్తది వేస్తే ఒక కన్ను ఎర్రగా ఒక కన్ను పాలిపోయి ఉంటుంది. ఎండకి ఎత్తిపట్టి సన్న పగుళ్ళు ఏమన్నా ఉన్నాయేమో చూసి, స్క్రూ పట్టే చెవులు విరగలేదని చూసుకుని బేరం ఆడండి. వైరింగు, హోల్డర్లు కూడా దానికే ఉంటే వదలకండి, మీ పాత హోల్డర్ కాలిపోయి ఉంటే అవి పనికొస్తాయి.

సామాను పెద్దగా ఏం అక్కర్లేదు. మంచి స్టార్ స్క్రూడ్రైవర్, నోరు అరిగిపోనిది, పాత టూత్ బ్రష్, సన్న ఎమెరీ పేపర్ ముక్క, పాత గుడ్డ, కాస్త వేజలిన్, ఒక టెస్ట్ ల్యాంపు. ఇంట్లో ప్లగ్గుల్లో పెట్టి చూసే టెస్టర్ దీనికి పనికిరాదండోయ్, అది 230 వోల్టులకి, 12 వోల్టుల దగ్గర వెలగనే వెలగదు, అది వెలగలేదని కరెంటు రావట్లేదనుకుని వైర్లు కోసేసిన మహానుభావుల్ని చూశా. పాత ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు అతికిస్తే టెస్ట్ ల్యాంపు రెడీ.

విప్పటానికి ముందు బండి తాళం చెవి బయటికి తీసెయ్యండి, లైట్లు ఆపండి, అప్పటిదాకా వెలుగుతున్న బల్బు అయితే పది నిమిషాలు చల్లారనివ్వండి. బల్బులు మార్చటం వరకైతే బ్యాటరీ విప్పక్కర్లేదు, వైర్లు కోసి అతికించే పనుంటే మాత్రం 10 నంబర్ స్పానర్‌తో మైనస్ తీసి పక్కన పెట్టండి.

డిక్కీ తలుపు పైకెత్తితే లైటు లోపలి అంచున, తలుపు మూసినప్పుడు దాక్కునే చోట, రెండు స్టార్ స్క్రూలు కనపడతాయి. తియ్యబోయే ముందు కింద బంపర్ సందులో గుడ్డ కుక్కండి, స్క్రూ జారి అందులో పడిందంటే బంపర్ విప్పాల్సిందే. తుప్పు పట్టి తిరగకపోతే ఒక చుక్క డబ్ల్యూడీ 40 గానీ ఏదన్నా పల్చటి నూనె గానీ వేసి టీ తాగి రండి, వచ్చాక స్క్రూడ్రైవర్ మీద బరువంతా వేసి నెమ్మదిగా తిప్పండి. తొందరపడి తల అరగ్గొట్టుకుంటే ఇక డ్రిల్లు పెట్టి తియ్యటమే.

స్క్రూలు వచ్చాక లైటు దానంతటది రాదు, బయటి పక్క పిన్నులు బాడీలోని బుష్షుల్లో బిగుసుకుని ఉంటాయి. పక్కకి లాగొద్దు, స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలించొద్దు, రెండు చేతుల్తో పట్టుకుని కొద్దికొద్దిగా ఊపుతూ తిన్నగా వెనక్కి, అంటే మీ పొట్ట వైపుకి లాగండి, టప్ మని ఊడొస్తుంది. ఊడిందని గబుక్కున లాగితే వెనకాల వైర్లు ఉంటాయి, తెగుతాయి. హోల్డర్లు ఒక్కోటీ కాస్త ఎడమకి తిప్పితే బయటికొస్తాయి, ఏది ఎక్కడిదో ఫోన్లో ఒక ఫోటో తీసుకుంటే తర్వాత బుర్ర గోక్కోక్కర్లేదు. వేరే బండి అయితే, ముఖ్యంగా వెనక డిక్కీ విడిగా ఉండే కార్లకి, డిక్కీ లోపల అట్ట పక్కకి తప్పిస్తే నట్లు ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే. ఇంకా కొన్ని పాత బళ్ళకి స్క్రూలు బయటే కనపడుతుంటాయి, అద్దం ఒక్కటే విడిగా మార్చుకోవచ్చు, అదృష్టవంతులు.

ఇప్పుడు హోల్డర్లు. బల్బుని లోపలికి నొక్కి ఎడమకి తిప్పితే వస్తుంది. లోపల చూడండి, ఇత్తడి ముక్కల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, ఇంత వయసు బండికి పట్టకపోతేనే ఆశ్చర్యం. అది ఉండగా కొత్త బల్బు పెడితే నాలుగు రోజులు వెలిగి ఐదో రోజు ఆరిపోతుంది, మనం బల్బుని తిడతాం. ఎమెరీ పేపర్‌ని పెన్సిల్ చివర చుట్టి లోపల ఇత్తడి మెరిసేదాకా రుద్దండి, టూత్ బ్రష్‌తో పొడి దులపండి, అడుగున స్ప్రింగు నొక్కితే మళ్ళీ పైకి లేస్తోందా చూడండి, తర్వాత వేలి చివర్న వేజలిన్ తీసుకుని పొరలా పూస్తే తేమ తగలదు. ప్లాస్టిక్ కరిగి నల్లబడిన హోల్డర్ అయితే రుద్ది లాభం లేదు, మార్చెయ్యండి.

ఎర్త్ కథ ఇదీ. 2022లో ఎడమ లైటు మార్చాక చూస్తే అంతా బానే ఉంది, నాలుగైదు నెలలకి ఇండికేటర్ వేసినప్పుడల్లా దాంతో పాటు పార్కింగ్ లైటు కూడా కన్ను కొట్టటం మొదలెట్టింది, బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలిగేది. బల్బులు మార్చా, ఇండికేటర్‌ని టకటకలాడించే ఫ్లాషర్ మార్చా, డబ్బులు పోయాయి గానీ జబ్బు పోలేదు. చివరికి ఒక ఆటో ఎలక్ట్రీషియన్ పెద్దాయన టెస్ట్ ల్యాంపు పెట్టి నిమిషంలో చెప్పాడు, "బాబూ, ఎర్త్ లేదు." ఆ లైట్లో బల్బులన్నిటికీ ఎర్త్ వైరు ఒక్కటే, అది వెళ్ళి బాడీకి ఒక స్క్రూతో తగులుకుంటుంది. ఆ స్క్రూ కింద తుప్పు పడితే బ్రేకు బల్బులోంచి వచ్చిన కరెంటుకి పోయే దారి ఉండదు, పక్క బల్బు తీగలోంచి వెనక్కి దూరి అవతల పక్క లైటు ఎర్త్ దాకా పోతుంది, అందుకే సంబంధం లేని బల్బులన్నీ మినుకు మినుకుమంటాయి. స్క్రూ విప్పి, కింద రేకు తెల్లగా మెరిసేదాకా రుద్ది బిగించాడు, అంతే. మారుతి బళ్ళలో మామూలుగా నల్ల వైరు ఎర్త్, అయినా రంగు నమ్మకండి, టెస్ట్ ల్యాంపు ఒక కొస ఆ వైరుకి, ఇంకో కొస బ్యాటరీ ప్లస్సుకి పెట్టి చూడండి, ప్రకాశంగా వెలిగితే ఎర్త్ బాగున్నట్టు.

బల్బుల దగ్గర పొరపాటు పడేది ఎక్కడంటే, బ్రేకు, పార్కింగ్ రెండూ కలిపి ఒకే బల్బు, లోపల రెండు తీగలు, ఒకటి 21 వాట్లు, ఒకటి 5 వాట్లు, షాపులో "డబుల్ ఫిలమెంట్" అంటారు. దాని పక్కనున్న రెండు బొడిపెలు ఒకటి పైకి ఒకటి కిందకి ఉంటాయి, అంటే హోల్డర్లో ఒక్క తీరుగానే దిగుతుంది. దిగట్లేదని బలంగా తోస్తే తిరగేసి ఇరుక్కుంటుంది, అప్పుడు పార్కింగ్ వేస్తే బ్రేకు లైటంత వెలుగు, బ్రేకు తొక్కితే మసక. ఇండికేటర్‌కి, రివర్స్‌కి ఒకే తీగ ఉన్న 21 వాట్ల బల్బు. దాన్ని డబుల్ హోల్డర్లో పెడితే అడుగున రెండు పాయింట్లు కలిసిపోయి బ్రేకు తొక్కినప్పుడల్లా డాష్‌బోర్డ్ లైట్లు కూడా వెలుగుతాయి, ఇదేం దెయ్యం బండిరా అనుకుంటారు. ఇండికేటర్ అద్దం పసుపు రంగుదైతే మామూలు తెల్ల బల్బు, అద్దం తెల్లగా ఉంటే నారింజ రంగు బల్బు, ఆ నారింజ బల్బుకి బొడిపెలు సరిగ్గా ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కకి ఉంటాయి, కాబట్టి తెల్ల దాని హోల్డర్లో అది పట్టదు. పాత బల్బు గాజు నల్లబడి ఉంటే వెలుగుతున్నా సరే మార్చెయ్యండి, దాని రోజులు దగ్గర పడ్డాయని అర్థం, ఎలాగూ విప్పాం కదా.

బిగించేటప్పుడు ముందు బాడీ మీద లైటు కూర్చునే చోట పాత స్పాంజి ముక్కలు, మట్టి గీకేసి తడిగుడ్డతో తుడవండి. తుప్పు మచ్చ కనపడితే కాస్త రుద్ది టచప్ పెయింట్ పుయ్యండి. కొత్త లైటుకి స్పాంజి లేకపోయినా, ఉండీ నొక్కుకుపోయి అట్టలా అయిపోయినా, హార్డ్‌వేర్ షాపుల్లో తలుపులకి అంటించే జిగురు స్పాంజి టేపు తెచ్చి చుట్టూ సందు లేకుండా వేసుకోవచ్చు. సిలికాన్ ట్యూబు మొత్తం పిండేవాళ్ళూ ఉన్నారు, నీళ్ళు ఆగుతాయి నిజమే కానీ రేపు బల్బు పోతే లైటు తియ్యటానికి మళ్ళీ పగలగొట్టుకోవాలి. హోల్డర్లు తిప్పి లాక్ అయ్యాయో లేదో చూసుకుని, వైరు మధ్యలో నలగకుండా లోపలికి తోసి, పిన్నులు బుష్షులకి ఎదురుగా పెట్టి అరచేత్తో నొక్కండి. స్క్రూలు రెండూ ముందు వేళ్ళతో ఎక్కించి తర్వాత కొంచెం ఇది, కొంచెం అది బిగించండి. స్పాంజి నొక్కుకున్నట్టు తెలియగానే ఆపెయ్యాలి, ఇంకో అరచుట్టు అని బలం చూపిస్తే చెవి టిక్కున విరుగుతుంది, కొత్త లైటు మొదటిరోజే.

చెక్ చెయ్యటానికి ఇంకో మనిషి లేకపోతే సాయంత్రం బండి వెనక భాగం గోడ వైపు ఉండేలా పెట్టండి, లోపల కూర్చుని చూసే అద్దంలో గోడ మీద వెలుగు కనపడుతుంది, లేదా ఫోన్ వెనకాల నిలబెట్టి వీడియో తియ్యండి. పార్కింగ్, బ్రేకు, ఇండికేటర్, రివర్స్ ఒక్కోటీ వేశాక అక్కడితో ఆపొద్దు, హెడ్‌లైట్లు వేసి ఉంచి, బ్రేకు తొక్కి పట్టుకుని, ఇండికేటర్ వెయ్యండి. ఎర్త్ దొంగ అయితే అన్నీ కలిపి వేసినప్పుడే దొరుకుతాడు. రివర్స్ చూడటానికి ఇంజిన్ స్టార్ట్ చెయ్యక్కర్లేదు, తాళం ఆన్ చేసి హ్యాండ్‌బ్రేక్ లాగి గేరు వేస్తే చాలు. ఇండికేటర్ టకటకా మామూలు కన్నా వేగంగా కొట్టుకుంటుంటే ఆ పక్క ఏదో ఒక బల్బు వెలగట్లేదని. రెండు పక్కలా బ్రేకు లైట్లు రాకపోతే లైట్ల దగ్గర వెతకొద్దు, ఫ్యూజు చూడండి, అదీ బాగుంటే బ్రేకు పెడల్ పైన ఉండే స్విచ్చు. ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వెయ్యాలి, సిగరెట్ పెట్టెలోని వెండి రంగు కాగితం పెట్టటం, రాగి తీగ చుట్టటం లాంటివి చేస్తే ఈసారి కాలేది ఫ్యూజు కాదు, వైరింగు.

ఎల్ఈడీ బల్బులు వేద్దామా అని అడిగేవాళ్ళకి, ఎర్ర అద్దం వెనక తెల్ల ఎల్ఈడీ వేస్తే గులాబీ రంగులో అదోలా కనపడుతుంది, వేస్తే ఎర్రదే వెయ్యాలి. ఇండికేటర్‌కి వేస్తే కరెంటు తక్కువ లాగుతుంది కాబట్టి పాత ఫ్లాషర్ బల్బు పోయిందనుకుని టకటకలాడుతుంది. మిణుకుమిణుకుమనే బ్రేకు లైట్లు, అద్దాల మీద నల్ల ఫిల్ము, వీటి గురించి నేనేం మాట్లాడను, మా పక్కింటి కుర్రాడు చదువుతాడు.

ఇక చివరగా, బకెట్ నీళ్ళు తీసుకుని మగ్గుతో లైటు మీద, పై అంచున, ఐదు నిమిషాలు పోయండి. తర్వాత డిక్కీ తెరిచి కార్పెట్ ఎత్తి స్టెప్నీ పక్కన, కింద చెయ్యి పెట్టి తడిమి చూడండి. లైటు వెనకనించి కారిన నీళ్ళు చివరికి చేరేది ఆ గుంటలోకే. ఎడమ లైటుకి స్పాంజి లేకుండా బిగించానని నాకు తెలిసింది ఆ వానాకాలం దాటాక, హైవే మీద పంచర్ పడి స్టెప్నీ తియ్యబోతే గుంటలో నీళ్ళు, రిమ్ము చుట్టూ తుప్పు, ట్యూబ్ వాల్వ్ తిప్పుతుంటే చేతిలోకి పొడి రాలింది. మొన్న కుడి పక్క చేసిన రోజే ఎడమ పక్కది కూడా విప్పి స్పాంజి టేపు వేశా, రెండిటికీ కలిపి గంటన్నర పట్టింది, అందులో ముప్పావు గంట చిలుము రుద్దటానికే.